మాటకు కొలత ఉన్న రోజులు

స్మార్ట్‌ఫోను వాడకం తగ్గించుకోవాలన్న మాట ఇప్పుడు ఇంటింటా వినవస్తున్నది. పిల్లలను గూర్చి పెద్దలు అంటున్నారు. పెద్దలను గూర్చి పిల్లలూ అంటున్నారు, కాకపోతే కాస్త మెల్లగా అంటున్నారు. ఈ చర్చ వినేవారికి ఇది మన కాలంలోనే పుట్టిన చిక్కు అని తోచడం సహజం. నిజానికి దూరాన్నుండి వచ్చే మాటను, పాటను, బొమ్మను ఇంటిలోనికి ఎంతవరకు రానివ్వాలి, ఏ వేళ రానివ్వాలి అన్న ప్రశ్నకు మన నేలమీద దాదాపు తొంభై ఏండ్ల చరిత్ర ఉన్నది. ఆ చరిత్రను ఒక ఊరి దగ్గర నిలబడి చూద్దామని మా ఉద్దేశం. ఆ ఊరు చొప్పదండి.

కరీంనగరానికి ఉత్తరంగా, బస్సు ఎక్కితే ఎంతో సేపు పట్టని దూరంలో ఉన్న ఊరు ఇది. 2018లో పురపాలక సంఘమయినది. చుట్టూ వరి పొలాలు. ఇండ్లలో బీడీలు చుట్టే స్త్రీలు. గల్ఫు దేశాలకు కొడుకునో భర్తనో పంపిన కుటుంబాలు. కరీంనగర్ జిల్లా నవోదయ విద్యాలయం ఉన్నదీ ఇక్కడనే. మా ప్రసంగానికి ఈ ఊరిని ఎన్నుకోవడానికి ఈ మూడు సంగతులే కారణం: బీడీ, గల్ఫు, నవోదయ.

నాలుగవ కారణమూ ఒకటి లేకపోలేదు. చొప్పదండికి పడమర దిక్కున గంగాధర మండలంలో కురిక్యాల ఉన్నది. అక్కడి బొమ్మలగుట్ట మీద పదవ శతాబ్దిలో జినవల్లభుడు వేయించిన శాసనాన్ని సాహిత్య విద్యార్థులు అందరూ ఎరుగుదురు. కన్నడ ఆదికవి పంపనికి ఇతడు తమ్ముడు. సంస్కృత, కన్నడ, తెలుగు భాషలు మూడింటిలోను చెప్పదలచినది చెప్పి, తెలుగు భాగాన్ని మూడు కంద పద్యాలతో ముగించినాడు. మాటను రాతిలో చెక్కవలసి వచ్చినప్పుడు మనిషి ఎక్కడ ఆగాలో ఉలి చెప్పేది. వేయి ఏండ్ల తరువాత ఆ గుట్ట కిందనే నిలబడి, ఆ శాసనాన్ని ఒక్కమారు చూసి, తన బొమ్మను ఇరవైమార్లు తీసుకొని వెళ్ళే యాత్రికుణ్ణి చూస్తే జినవల్లభుడు ఏమనుకొనేవాడో!

ఇక అసలు కథకు వద్దాము. మన ప్రాంతానికి గాలిలోంచి మాట వచ్చినది 1935లో, నిజాం ప్రభుత్వం హైదరాబాదులో దక్కన్ రేడియోను నడపడం ఆరంభించినప్పుడు. అటు మదరాసులో ఆలిండియా రేడియో కేంద్రం 1938 జూన్‌లో తెరచుకొన్నది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులో వచ్చినది. 1950 ఏప్రిల్ 1న దక్కన్ రేడియో ఆలిండియా రేడియోలో కలిసిపోయినది. ఈ తేదీలు చాలమందికి తెలిసినవే. కాని ఆ రేడియోకు ఎన్ని కట్టుబాట్లు ఉండేవో నేటి యువతరానికి చెప్పినా నమ్మకపోవచ్చు. మొదటిది, రేడియో పెట్టుకోవడానికి లైసెన్సు కావాలి. ఏటేటా తపాలా కార్యాలయానికి వెళ్ళి రుసుము కట్టి, చిన్న పుస్తకంలో బిళ్ళలు అంటించుకొని రావాలి. ఈ పద్ధతి 1980ల దాకా సాగినది. రెండవది, వాల్వు సెట్టు అంటే కదిలేది కాదు. దానికి ఏరియల్ కావాలి, కరెంటు లేని ఊరిలో పెద్ద బ్యాటరీ కావాలి, గోడలో ఒక గూడు కావాలి. మూడవది, అన్నిటికంటె ముఖ్యమయినది, ప్రసారాలకు వేళలు ఉండేవి. ఉదయం ఒక ప్రసారం, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం నుండి రాత్రి దాకా మరొకటి. నడుమ నిశ్శబ్దం. రాత్రి ఆఖరు వార్తలయిన తరువాత సెలవు తీసుకొంటున్నామని మా పూర్వులు చెప్పేవారు. ఆ తరువాత ఎంత త్రిప్పినా గరగర తప్ప మరేమీ వినబడేది కాదు.

పల్లెలలో ఈ కట్టుబాటు ఇంకా గట్టిది. రేడియో పంచాయతీది. దాన్ని తెరిచేవాడు ఒకడు, మూసేవాడు ఒకడే. పొద్దుగూకిన తరువాత గ్రామస్థుల కార్యక్రమానికి పదిమంది చావడి ముందు చేరేవారు. 1956లో పూనా ప్రాంతంలో 150 గ్రామాలలో యునెస్కో సాయంతో ఒక ప్రయోగం చేసినారు. రైతులు గుంపుగా కూర్చుండి ప్రసంగం వినడం, విన్నదాని మీద చర్చించడం, తేలిన సందేహాలను రేడియోకు వ్రాసి పంపడం. అది ఫలించినదని తెలిసి 1959 నుండి దేశమంతటా రేడియో గ్రామీణ గోష్ఠులు పెట్టినారు. అరగంట వినడానికి, ఆ తరువాత అంతసేపూ మాట్లాడుకోవడానికి. వినడం కంటె మాట్లాడుకోవడం తక్కువ కాకూడదన్న ఆ లెక్క మాకు నేటికీ మెచ్చదగినదిగానే తోస్తున్నది.

అంతమాత్రాన ఆ రోజులన్నీ సువర్ణయుగమని మేము అనబోము. పైనుండి విధించిన నిగ్రహం ఎట్లా బెడిసికొట్టిందో చూడాలంటే కూడా రేడియో చరిత్రనే చదవాలి. 1952 నుండి 1962 దాకా సమాచార ప్రసార శాఖ మంత్రిగా ఉన్న బి. వి. కేస్కర్‌కు సినిమా పాటలంటే గిట్టదు. ప్రజల అభిరుచి చెడిపోతున్నదని తలచి ఆయన వాటిని ఆలిండియా రేడియోనుండి దాదాపు వెళ్ళగొట్టినారు. శాస్త్రీయ సంగీతానికి పెద్దపీట వేసినారు. అందుకు సంగీత విద్వాంసులు ఆయనకు ఋణపడి ఉన్నారన్నదీ నిజమే. శ్రోతలు మాత్రం ఏం చేసినారు? ముల్లును సిలోను వైపు త్రిప్పినారు. కొలంబోనుండి అమీన్ సయానీ కంఠంలో బినాకా గీత్‌మాలా ఈ దేశమంతటా మారుమ్రోగినది. చివరకు 1957 అక్టోబరు 3న వివిధ భారతిని ప్రారంభించి, వెళ్ళగొట్టిన పాటలను మనవారే తిరిగి పిలిచినారు. ఇంటిలో పిల్లవాని చేతిలోనుండి ఫోను లాక్కొని బీరువాలో పెట్టి తాళం వేసే తండ్రులు ఈ అయిదేండ్ల కథను ఒక్కమారు గుర్తు చేసుకోవచ్చు. తాళం వేసినది సరే, పక్కింటి ఫోను సిలోను కాకుండా ఉంటుందా?

రేడియోను మేము పొగుడుకోవడంలో స్వార్థం ఉన్నదని చదువరులు అనవచ్చు. ఆ మాట పడుతూనే ఒక సంగతి చెప్పాలి. బీడీ చుట్టే స్త్రీకి రెండు చేతులకూ పని ఉన్నది. ఆకు కత్తిరించాలి, తంబాకు పోయాలి, చుట్టాలి, దారం కట్టాలి, కొస మడవాలి. చూపు చేటమీద ఉండాలి. వేయి బీడీలకు ఇంత అని కూలి గనుక చెయ్యి ఆగితే డబ్బు ఆగినట్లే. ఆమెకు రేడియో చెవి ఒక్కటే అడిగేది. పాట వింటూ బీడీ చుట్టవచ్చు, నాటకం వింటూ చుట్టవచ్చు, పొరుగామెతో నవ్వుతూ కూడా చుట్టవచ్చు. స్మార్ట్‌ఫోను చెవితో తృప్తి పడదు. దానికి కన్ను కావాలి, బొటనవ్రేలు కావాలి. కూలి లెక్కన బ్రతికే ఇంటిలో ఫోను ఎంతసేపు తిన్నదో సాయంత్రం కట్టలు లెక్కపెడితే తెలిసిపోతుంది. నెల జీతగాండ్ల ఇండ్లలో అట్లా లెక్క తేలదు.

దూరదర్శనం సంగతి త్వరగా చెప్పుకొని ముందుకు పోదాము. 1975 ఆగస్టు నుండి 1976 జూలై దాకా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు బొమ్మలు పంపినారు. ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉన్నది. అక్కడా టీ.వీ. ఊరందరిది, వేళ నియమితం. 1987 జనవరిలో రామాయణం ధారావాహిక ఆరంభమయిన తరువాత ఆదివారం ఉదయాలు వీధులు ఎట్లా బోసిపోయేవో పెద్దలందరికీ జ్ఞాపకమే. ఒక్క ఇంటి టీ.వీ. ముందు వీధి వీధి కూర్చునేది. వ్యసనమంటే అదీ వ్యసనమే కావచ్చు. అయితే వారానికి ఒక్కమారు వచ్చి, ముగియగానే అందరినీ లేపి పంపే వ్యసనం.

ఇక టెలిఫోను. కలకత్తా, బొంబాయి, మదరాసు నగరాలలో 1882 జనవరిలోనే ఎక్స్‌ఛేంజీలు తెరిచినా, చిన్న ఊళ్ళకు అది చాలకాలం తపాలా కార్యాలయపు వస్తువుగానే ఉండినది. దూరపు ఊరికి మాట్లాడాలంటే ట్రంకు కాలు బుక్ చేయాలి. ఆర్డినరీ అయితే గంటలు కాచుకోవాలి. అర్జంటు అయితే రెట్టింపు రుసుము. లైట్నింగు అయితే ఎనిమిది రెట్లు. కలిసిన తరువాత మూడు నిమిషాల కొలత. ఆ మూడూ కాగానే ఆపరేటరు మధ్యలో వచ్చి హెచ్చరించేవారు. టెలిగ్రాం సంగతి చెప్పనే అక్కరలేదు. మాటకు ఇంత అని కట్టాలి గనుక అయినవారు పోయిన వార్తను కూడా నాలుగు మాటలలో ఇమిడ్చేవారు. పండుగ శుభాకాంక్షలకు అంకెలే ఉండేవి, ఏ అంకె వేస్తే ఆ వాక్యం అవతల అచ్చయ్యేది. 2013 జూలైలో ఆ టెలిగ్రాం కూడా ఆగిపోయినది.

చొప్పదండి వంటి ఊళ్ళకు ఈ కొలతలు ఎంత బరువో తెలిసినది గల్ఫు వలస మొదలయిన తరువాత. 1970లలో చమురు ధరలు పెరిగి అరబ్బు దేశాలలో కట్టడాల పని విపరీతంగా పెరిగినది. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాలనుండి మేస్త్రీలు, కూలీలు, డ్రైవర్లు బొంబాయి మీదుగా దుబాయికి, మస్కట్‌కు, సౌదీకి బయలుదేరినారు. వెళ్ళిన మనిషి రెండు మూడేండ్లకు గాని తిరిగి రాడు. ఉత్తరం చేరడానికి వారాలు పట్టేది. చదువు రాని ఇల్లాలి ఉత్తరాన్ని మరొకరు చదివి వినిపించాలి. జవాబు మరొకరి చేత వ్రాయించాలి. భార్యాభర్తల మధ్య మాట మూడో మనిషి నోటిమీదుగా నడవడమంటే ఎన్ని మాటలు లోపలనే ఉండిపోయి ఉంటాయో ఊహించుకోవచ్చు. అందుకనే టేపు రికార్డరు వచ్చిన తరువాత గల్ఫు వలస ఉన్న ప్రాంతాలలో క్యాసెట్టు ఉత్తరాలు బయలుదేరినవి. అటు ముప్పై నిమిషాలు, ఇటు ముప్పై నిమిషాలు. తల్లి మాట్లాడేది, పిల్లలు పాడేవారు. సెలవు మీద వెళ్ళి వచ్చే మనిషి దాన్ని సంచిలో వేసుకొని పోయేవాడు. ఆ క్యాసెట్టును గదిలో ఎన్నిమార్లు విన్నారో ఎవరు లెక్క పెట్టినారు!

1984లో సి-డాట్ ఏర్పడి దేశంలోనే ఎక్స్‌ఛేంజీల నిర్మాణం ఆరంభమయిన తరువాత, పసుపు బోర్డుల ఎస్.టి.డి. బూతులు బస్టాండు బస్టాండుకూ వచ్చినవి. అద్దాల గది, లోపల ఎఱ్ఱ అంకెల మీటరు. రాత్రి పదకొండు దాటితే దేశంలోపలి కాలుకు పావువంతే రుసుము. బూతు ముందు చలిలో వరుసకట్టి, చేతిలో చీటీ పట్టుకొని, ఏమేమి చెప్పాలో మనసులో వల్లె వేసుకొన్న వారి సంగతి మా తరంవారికి కొత్త కాదు. తీరా ఫోను కలిసిన తరువాత కన్ను మీటరు మీదనే. సగం మాటలు మరపు. మనిషి ఆ రోజులలో ఫోను తక్కువ వాడినాడంటే అది నిగ్రహం కాదు, పేదరికం. ఈ భేదాన్ని మరచి పాతకాలాన్ని మెచ్చుకోవడం న్యాయం కాదని మా అభిప్రాయం.

కొలత ఎట్లా పోయినదో ఇప్పుడు చూడండి. 1973 ఏప్రిల్ 3న న్యూయార్కు వీధిలో మార్టిన్ కూపర్ చేత పట్టుకొన్న సెల్‌ఫోను బరువు కిలోకు పైమాటే. మన దేశంలో 1995 జూలై 31న కలకత్తా నుండి జ్యోతి బసు ఢిల్లీలోని సుఖ్‌రాంతో తొలి సెల్‌ఫోను సంభాషణ జరిపినారు. ఆనాడు నిమిషానికి పదహారు రూపాయల దాకా అయ్యేది. వచ్చిన కాలుకూ డబ్బు కట్టవలసి ఉండేది. 2003లో వచ్చే కాలు ఉచితమయినది. అప్పుడు మనవారు మిస్డ్ కాలు అనే విద్యను పెంపొందించినారు. ఒక్క మోత మ్రోగిస్తే ‘చేరినాను’, రెండు మోతలకు ‘నీవే చెయ్యి’. పైసా ఖర్చు లేని టెలిగ్రాం! 2007లో ఐఫోను, 2008లో ఆండ్రాయిడ్ ఫోను వచ్చినవి. 2016 సెప్టెంబరు 5న జియో ప్రారంభమయి, తొలి నెలలు ఉచితంగా ఇచ్చి, ఆ తరువాత డేటా ధరను నేలకు దించినది. మాటకు కొలత పూర్తిగా పోయినది ఆనాడు.

బయటి కొలత పోతే ఫోనులోపలనైనా ఒకటి మిగిలిందా అంటే, దానినీ ముందుగానే తీసివేసినారు. పత్రికకు చివరి పుట ఉంటుంది. రేడియోకు రాత్రి సెలవు ఉంటుంది. కంప్యూటరు తెరమీద కూడా పుట అయిపోతే ‘తరువాతి పుట’ అని ఒక మీట ఉండేది. 2006లో ఏజా రాస్కిన్ అనే ఆకృతి నిపుణుడు ఆ మీట అవసరం లేకుండా, వ్రేలు జరుపుతున్నంతసేపు కొత్తది వస్తూనే ఉండే పద్ధతిని రూపొందించినారు. తరువాతి కాలంలో ఆయనే అందుకు బహిరంగంగా విచారం వెలిబుచ్చినారు. 2018లో ఆపిల్, గూగుల్ సంస్థలు రెండూ, రోజుకు ఎన్ని గంటలు ఫోను చూసినామో లెక్క చెప్పే ఏర్పాటును తమ ఫోనులలో పెట్టినవి. ఎస్.టి.డి. బూతులోని ఎఱ్ఱ అంకెల మీటరే మళ్ళీ వచ్చినదన్నమాట. కాని ఈ మీటరుకు డబ్బు కట్టేవారు లేరు గనుక దాన్ని చూసేవారూ తక్కువే.

ఫోను పిల్లల చేతికి వచ్చిన తీరు వేరు. కరోనా వ్యాధి కారణంగా బడులు మూతపడగా, 2020 సెప్టెంబరు 1 నుండి తెలంగాణలో పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టి-సాట్ ద్వారాను, ఫోనుల ద్వారాను సాగినవి. ఫోను కొనియివ్వని తండ్రి చదువుకు అడ్డుపడిన తండ్రి అయినాడు. అప్పు చేసి కొన్న ఆ ఫోను, బడి తెరిచిన తరువాత తిరిగి దుకాణానికి పోలేదు. మనమే ఇచ్చి మనమే తిట్టడం వారికి వింతగా తోస్తే తప్పు పట్టలేము.

ఇక్కడ చొప్పదండి నవోదయ విద్యాలయాన్ని గూర్చి చెప్పాలి. 1985-86లో రెండు విద్యాలయాలతో మొదలయి, 1986 జాతీయ విద్యావిధానంతో జిల్లా జిల్లాకూ విస్తరించిన నవోదయ బడులలో ఆరవ తరగతినుండి పన్నెండవ తరగతి దాకా పిల్లలు అక్కడనే ఉండి చదువుతారు. విద్యార్థుల వద్ద సెల్‌ఫోను ఉండరాదన్నది నియమం. ఇంటికి మాట్లాడాలంటే బడి ఏర్పాటు చేసిన ఫోను, దానికో వేళ. అంటే మన జిల్లా నడుమనే, మనం పోగొట్టుకొన్న పాత కొలత ఒక ప్రహరీగోడ లోపల ఇంకా నడుస్తున్నది. తొమ్మిదవ తరగతిలో కొందరిని ఒక ఏడాది పాటు వేరే భాషా ప్రాంతపు నవోదయకు పంపడం కూడా అక్కడి ఆచారం. పదునాలుగేండ్ల పిల్లవాడు భాష తెలియని చోట, చేతిలో తెర లేకుండా, పక్కవానితో మాట్లాడి తీరాలి. ఆ భాష వాడికి వస్తుంది! అయితే ఇందులో ఒక కిటుకు ఉన్నది. అక్కడ ఒక్కడికి లేదు కాదు, ఎవరికీ లేదు. ఫోను లేని ఒక్కడు ఏకాకి. ఫోను లేని అయిదువందలమంది ఊరు.

ఈ కిటుకును ప్రపంచం ఇప్పుడిప్పుడే గ్రహిస్తున్నట్లు కనబడుతున్నది. ఫ్రాన్సు 2018లో బడులలో ఫోనులను చట్టంతో నిషేధించినది. ఆస్ట్రేలియా 16 ఏండ్లలోపు వారికి సామాజిక మాధ్యమాలలో ఖాతాలు ఉండరాదన్న చట్టాన్ని 2025 డిసెంబరు 10 నుండి అమలులో పెట్టినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023 ఆగస్టులో బడులలో సెల్‌ఫోనుల మీద ఆంక్ష విధించినది. బెంగుళూరు నిమ్‌హాన్స్ వైద్యశాలలో 2014 నుండి ఈ బాధకు ప్రత్యేక చికిత్సా విభాగమే ఉన్నది. మా మనసుకు హత్తుకొన్న ఉదాహరణ మాత్రం మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడగావ్ అనే పల్లెది. 2022 ఆగస్టులో ఆ ఊరి స్త్రీలు సభ చేరి ఒక నిర్ణయం చేసినారు. సాయంత్రం ఏడు గంటలకు గుడి మీదనుండి సైరను మ్రోగుతుంది. ఇండ్లన్నింటా టీ.వీ.లు, ఫోనులు ఆగిపోవాలి. ఎనిమిదిన్నర దాకా పిల్లలకు చదువు, పెద్దలకు మాటలు. చట్టం లేదు, జరిమానాతో ఆరంభించినదీ కాదు. సైరను అందరికీ ఒక్కమారే వినబడుతుంది, అంతే.

మరి ఆ సైరనును తెచ్చి చొప్పదండిలో పెడదామా? ఇక్కడనే మన కథ చిక్కుపడుతున్నది. మన ఏడు గంటలు దుబాయిలో అయిదున్నర. మన ఎనిమిదిన్నర అక్కడ ఏడు. పని దిగి, గది చేరి, స్నానం చేసి, మనిషి ఇంటికి ఫోను చేసే వేళ సరిగ్గా అదే. సౌదీ, కువైట్ గడియారాలు మనకంటె రెండున్నర గంటలు వెనుక. సాంగ్లీ సైరను చొప్పదండిలో మ్రోగితే టీ.వీ. ఒక్కటే ఆగదు, తండ్రి గొంతు కూడా ఆగిపోతుంది. రెండేండ్ల పిల్ల తన తండ్రిని ఎరిగినదే ఆ తెరమీద. ఒకప్పుడు క్యాసెట్టులో ముప్పై నిమిషాలు ఉన్న గొంతు ఇప్పుడు మొగముతో సహా వస్తున్నప్పుడు, ఫోను ముట్టకండి అని ఆ ఇంటికి చెప్పడానికి మాకు నోరు రాదు.

కనుక ఇటువంటి ఊళ్ళలో ఫోను ఆపే వేళ కంటె, తెరిచే వేళను ముందు నిర్ణయించుకోవడం తెలివి అని మాకు తోస్తున్నది. ఆ వేళ ఏడాది పొడవునా ఒక్కటిగా ఉండదు. జూన్ 15 నుండి సెప్టెంబరు 15 దాకా ఎమిరేట్లలో ఎండలో పనిచేసేవారికి మధ్యాహ్నం పన్నెండున్నర నుండి మూడు దాకా విరామం. అంటే మనకు రెండు నుండి నాలుగున్నర. చాలామందికి శుక్రవారం తీరిక. ఆ లెక్క ప్రతి ఇల్లాలికీ తెలుసు, మేము చెప్పవలసిన పని లేదు. ఆ వేళకు పిల్లలు పక్కన ఉండాలి, ఫోనులో చార్జి ఉండాలి, అత్త నడిపేది, కోడలు నడిపేది, పిల్లలది అని మూడు తెరలు వెలగకుండా ఒక్క తెర ముందు అందరూ కూర్చోవాలి. మిగిలిన గంటల సంగతి తేలిక. పాత ఇండ్లలో రేడియో పెట్టిన గూడు ఇంకా ఉన్నది. కొందరు దాని పక్కనే ప్లగ్గు కూడా పెట్టించినారు. ఫోను అక్కడ ఉంటే, అది మ్రోగినప్పుడు ఎవరో ఒకరు బీడీ చేట పక్కకు జరిపి, లేచి వెళ్ళి తీయాలి.